ఏడు నిలువుల నల్లమట్టి

శ్రావణ్‌కుమార్ జేసీబీ నడుపుతాడు. శంషాబాద్ చుట్టుపక్కల లేస్తున్న సగం బిల్డింగుల పునాదులు తానే తవ్వానంటాడు. మిగతా సగానికి సలహా ఇచ్చానంటాడు. బకెట్‌తో ఎత్తేది మట్టి, నోటితో ఎత్తేది గుట్ట. సర్వీస్ రోడ్డు పక్కన అతని తల్లి నిర్మల చాయ్ బండి పెట్టుకుంది. పని దిగాక ఆ బండి ముందరి బల్లే అతని గద్దె. ఆటో పాండు లాంటివాళ్లు, ఒక చాయ్‌కి రెండు కథలు దొరుకుతాయని వెతుక్కుంటూ అక్కడికే వస్తారు.

నిర్మల ఏమీ అనదు. చాయ్ వడపోస్తుంది. కొడుకు కోతలకు నలుగురూ నవ్వుతుంటే ఆమె తల గిన్నె మీదికి ఇంకొంచెం వంగుతుంది.

ఆ ఆదివారం సాయంత్రం బల్ల మీద మరో ఇద్దరు కూర్చున్నారు. ఒకరు జంగమ్మ. శ్రావణ్ తండ్రి, చనిపోయిన పెంటయ్యకు అక్క, అంటే నిర్మలకు ఆడబిడ్డ. జల్‌పల్లిలో గొర్లు కాస్తుంది. రెండోవాడు బిక్షం, గొర్ల బేరగాడు. భుజం మీద ఎర్ర తువ్వాల.

జల్‌పల్లి నుంచి బడంగ్‌పేట్ దాకా జంగమ్మ గొర్లు మేసిన బీళ్లన్నీ ప్లాట్లయ్యాయి, ప్లాట్లకు గోడలు లేచాయి. గొర్రె తల దూర్చితే వాచ్‌మన్ కర్ర తీస్తాడు. అందుకే మందను బిక్షానికి అమ్మేసి, చేవెళ్ల అవతల పుట్టింటివాళ్లు తన పాలుకు రాసిన కంచె బీడును దున్నించి, మామిడి పెడదామనుకుంటోంది. చిన్నతనంలోనే పెళ్లయి వచ్చిన మనిషి. ఆ కంచెలో గడ్డి ఉంటుందని తెలుసు, గడ్డి కింద ఏముందో తెలియదు. రెండేండ్ల కింద తమ్ముణ్ణి పెట్టింది అక్కడే. వాళ్లలో కాల్చరు, పూడ్చుడే. జేసీబీ తెచ్చి గుంత తవ్వింది ఈ మేనల్లుడే.

"అల్లుడా, నువ్వు తవ్వినోనివి గదా. మట్టి ఎంత లోతున్నది? చెట్టు పట్టుకుంటదా?" అని అడిగింది.

శ్రావణ్ ఒక్కసారి తల్లివైపు చూశాడు. వెంటనే చూపు తిప్పుకున్నాడు.

"గా గుంత సంగతి ఇడువత్తా, గది చిన్నది. గా పక్కపొంటే నేను ఇంకోటి తవ్విన. ఊకెనే, చూద్దామని. ఎక్కువ గాదు, నా అంత లోతు."

పక్కన ఇంకో గుంత లేదు. నిర్మల గంటె తిప్పుతూనే ఉంది.

"ముందుగాల గడ్డి," అన్నాడు శ్రావణ్. "గడ్డంటే గడ్డి గాదత్తా, నులక మంచమే. వేర్లు ఒకదాన్నొకటి పట్టుకొని గట్టిగ అల్లుకున్నయి. బకెట్ ఏసిన. ఎగిరిపడ్డది! మల్ల ఏసిన. ఈసారి జేసీబీయే ఎగిరింది, నేను లోపటనే ఉన్న. ఇగ గిట్ల గాదని దిగి, గడ్డిని ఒక కొసకు పట్టి, బొంత చుట్టినట్టు చుట్టి పక్కకు పెట్టిన. ఎకరం కంచె ఒక్క చుట్ట!"

"చుట్టను ఎవరు మోసిండ్రన్నా?" అన్నాడు పాండు.

"ఎవరు మోసేదుండె? దాని మీద పండుకున్న. గప్పుడేమైందో ఎర్కేనా? కింద నల్లమట్టి కనవడ్డది. పెనం మీది మాడు ఉంటది సూడు, గంత నలుపు. ఎండకు నెర్రెలిచ్చింది. నెర్రెలంటే మీ ఊర్ల నెర్రెలు గావు. మా నాయన పొట్టేలొకటి గండ్ల పడ్డది. పడ్డది పడ్డట్టే పాయె. మల్లెప్పుడో రావిర్యాల చెర్వు కాడ బయిటికొచ్చింది, ఎనుక రెండు పిల్లలు."

"పొట్టేలుకు పిల్లలేందన్నా?"

"లోపట ఏం జరిగిందో నాకేమెర్క, నేను పడ్డనా?"

బల్ల మీద అందరూ నవ్వారు. బిక్షం కూడా నవ్వాడు. జంగమ్మ మాత్రం నవ్వుతూనే చెవి ఒగ్గి వింటోంది. నిర్మల అది చూసింది.

"గది ఎండాకాలం ముచ్చట. వానాకాలం ఇంకొక తీరు. గా మట్టి నీళ్లు తాగితే ఉబ్బుతది, రొట్టె పిండి లెక్క. జేసీబీని దాని మీద నిలబెట్టి ఇంటికొచ్చిన. వాన కొట్టింది. తెల్లారి పోయి చూస్తే జేసీబీ లేదు. పరేషానయిన. దొంగలు ఎత్కపోయిండ్రా అని పైకి చూసిన. తుమ్మ చెట్టు కొస మీద ఉన్నది! మట్టి ఉబ్బుకుంట ఉబ్బుకుంట ఆడిదాక లేపింది. ఎండ వచ్చేదాక కింద కూసొని బతిమిలాడిన."

"అల్లుడా, గా నల్లమట్టి ఎంత లోతున్నది?" జంగమ్మ ఆపింది.

"ఏడు నిలువులు."

"నీ అంత లోతే తవ్విన అంటివి గదా జరసేపటి కింద?" పాండు వదల్లేదు.

"గది మొదటి దినం రా. రోజూ తవ్వకపోతే ఎట్ల? ఏడు నిలువులత్తా. మనిషి మీద మనిషి, మనిషి మీద మనిషి నిలవడితే అడుగోని కాళ్లు నీకు కనవడయి. గండ్ల సున్నపు గడ్డలు. పైన పెసరు గింజంత, జర కిందికి పోతే కోడిగుడ్డంత, ఇంక కిందికి పోతే గుమ్మడికాయంత. ఒక్క గడ్డ బాయిల ఏసిన. తెల్లారేసరికి బాయి మొత్తం సున్నం, ఊరంత గోడలకు ఏసుకున్నరు."

నిర్మల చేతిలోని జల్లెడ ఆగింది.

గడ్డి ఉన్నమాట నిజమే, వేర్లు అల్లుకున్నమాటా నిజమే. నల్లమట్టి, నెర్రెలు, సున్నపు గడ్డలు, అన్నీ నిజమే. అన్నీ ఆమె చూసినవే. పెంటయ్యను పూడ్చిన రోజు దింపుడు కళ్లం దగ్గర ఆడవాళ్లందరూ ఆగిపోయారు, జంగమ్మ కూడా. నిర్మల ఆగలేదు. పాడె వెనకాలే నడిచింది.

"ఇగ ఆడికేలి ఉల్లిగడ్డ రాయి," అంటున్నాడు శ్రావణ్. "గుండ్రాయి లెక్క కనవడతది. పట్టుకుంటె పొర ఊడొస్తది. పొర తీస్తే ఇంకో పొర. పుచ్చిన రాయి. తీస్తున్న, తీస్తున్న, కండ్లల్ల నీళ్లే నీళ్లు."

"ఏడ్చినవా అన్నా?"

"ఉల్లిగడ్డ కోస్తె నువ్వు ఏడ్వవారా? జేసీబీ గూడ ఏడ్చింది. అద్దం మీద వైపరు ఏసుకున్న."

ఏడ్చింది నిజం. అద్దం వెనకాల కొడుకు ముఖం నిర్మలకు ఇప్పుడూ కనిపిస్తుంది. బకెట్ ఒక్కసారి దిగింది, రెండోసారికే కింద పుచ్చిన రాయి పొడిపొడిగా రాలింది. ఆ తర్వాత ఇనుప పళ్లు నల్లరాయి మీద గీరుకున్న చప్పుడు. బండిని పక్కకు జరిపి ఇంకోచోట వేశాడు, అక్కడా అదే చప్పుడు. ఇంకా పక్కకు జరిపాడు. పాడె మోసినవాళ్లు భుజాలు మార్చుకుంటున్నారు. ఎవరో అన్నారు, "ఊరందరికి పునాదులు తవ్వుతడు, తండ్రికి గుంత తవ్వలేకపాయె." గొంతు తగ్గించి అన్నారు గానీ ఇంజను ఆగినప్పుడే అన్నారు. తవ్వినంతలోనే పెంటయ్యను పడుకోబెట్టి, మట్టి చాలక, చుట్టుపక్కల నల్లరాళ్లు ఏరి పేర్చారు.

తర్వాత కొన్నాళ్లకు ఈ బల్ల మీద ఆ గుంత నడుం లోతయింది. ఆ తర్వాత నిలువు లోతు. ఎవరికోసం తవ్వాడో కథలో ఎప్పుడూ ఉండదు. నిర్మల ఆపలేదు. ఒక్కోసారి వింటుంటే ఆమెకూ నమ్మాలనిపించేది.

"ఇగ అసలు రాయి తాకింది," శ్రావణ్ లేచి నిలబడ్డాడు. "ఈడ మన శంషాబాద్ గుండ్లు తెల్లగుంటయి. ఆడ నల్లరాయి. ఎనకటెనకట భూమి పగిలి నిప్పు పారిందంట, పారి గడ్డకట్టిన రాయి. ఒక్క దెబ్బ ఏసిన. కంగుమన్నది! గంట మోగినట్టు మోగింది. ఆడ మోగితే ఈడ ఎయిర్‌పోర్టుల రన్‌వే అదిరింది. విమానాలు దిగుతలేవు, గాలిల గింగిరాలు తిరుగుతున్నయి. ఒక పైలటు నా దాక వచ్చి, కిటికీ అద్దం దించి, 'శ్రావణన్నా, నీకు దండం పెడత, జర ఆపు, లోపట పబ్లిక్ ఉన్నరు' అన్నడు."

"తెలుగుల్నే అన్నడా?"

"మన బడంగ్‌పేట్ పిలగాడే. ఆపిన. వాళ్లు దిగినంక ఇంకో దెబ్బ ఏసిన. రాయి పలిగింది. లోపట చూస్తే నిప్పు! ఇంక చల్లారలే. తాడు కట్టి గిన్నె దించిన, పాలు పోసి, చాయ్‌పత్తి ఏసి. పైకి గుంజేసరికి చాయ్! అమ్మకు చెప్పిన, సిలిండర్ ఎందుకే నీకు, బండి ఆడికే నూకుకపోదామని. ఏమే అమ్మా, చెప్పలే?"

నిర్మల గిన్నె మీదికి వంగింది. ముఖం వేడెక్కింది. పొయ్యి వేడి అనుకుంటారులే అనుకుంది.

పాండు కడుపు పట్టుకొని నవ్వుతున్నాడు. జంగమ్మ కళ్లు తుడుచుకుంది.

"వీని నోరు పాడుగాను. అబద్ధాలకు వీనికి అంగడి పెట్టియ్యాలె," అంది. ఆ తర్వాత బిక్షం వైపు జరిగింది. "అయినా పదిల ఒక్కటన్న నిజముంటది గదనే. వీడు ఏడు నిలువులన్నడు, ఆరు తీసెయ్యి. ఒక్క నిలువన్న ఉండదా? మామిడికి ఒక్క నిలువు చాలు. చెయ్యియ్యి."

బిక్షం తువ్వాల తీసి పరిచాడు. గొర్ల అంగడిలో ధర నోటితో చెప్పరు. తువ్వాల కింద చేతులు కలిపి, వేళ్లతో చెప్పుకుంటారు. అవతలివాళ్లు వేళ్లు పట్టి నొక్కితే బేరం ముగిసినట్టే. ఆ మాట దాటితే ఆ అంగడిలో మళ్లీ ముఖం చెల్లదు.

జంగమ్మ చెయ్యి తువ్వాల కిందికి పోయింది.

శ్రావణ్ నవ్వు సగంలో ఆగింది. అత్త ఇంత దూరం పోతుందని అతను అనుకోలేదు. ఏడు నిలువులు తవ్విన నోటికి ఒక్క మాట పెకలలేదు. తల్లివైపు చూశాడు. చెప్పమని చూశాడో చెప్పొద్దని చూశాడో ఆమెకు అర్థం కాలేదు.

నిర్మల పొయ్యి ఆపింది. నెత్తి మీదుగా విమానం పోతోంది. చప్పుడు తగ్గేదాకా ఆగింది.

"వొదినా."

అందరూ ఆమె వైపు తిరిగారు.

"మీ తమ్ముని మీద రాళ్లెందుకున్నయి?"

"నక్కలు తవ్వకుండ. అల్లుడే చెప్పె."

నిర్మల వంగింది. చీర మీదుగా మోకాలి దగ్గర చెయ్యి పెట్టి చూపించింది.

"మట్టి గింతే."

ఆ మాట అంటున్నప్పుడు ఆమె కొడుకును చూడలేదు. చూస్తే అనలేకపోయేది.

జంగమ్మ కాసేపు ఆ మోకాలినే చూసింది. తర్వాత మేనల్లుణ్ణి చూసింది. తువ్వాల కింద వేళ్లు విడిపించుకుంది.

"గింత లోతుల పెట్టిండ్రా మా తమ్ముణ్ణి?" అంది.

బిక్షం తువ్వాల దులిపి భుజాన వేసుకున్నాడు. "ఏడు నిలువులు మోకాలి కాడికొచ్చె. తమ్మీ, నీ జేసీబీ కన్న నీ నోటికే బకెట్ పెద్దగున్నది," అన్నాడు. వేరే రోజైతే అందరూ నవ్వేవాళ్లే. పాండు కూడా నేల చూపులు చూశాడు.

జంగమ్మ చెంగు బిగించుకొని లేచింది.

"మోకాలి లోతు గడ్డికి చాలు. బిక్షం, మందను నేను అమ్మను. గొర్లనే ఆడికి తోల్కపోత." రెండడుగులు వేసి ఆగింది. "మా తమ్ముని కాడ మనిషున్నట్టుగ గూడ ఉంటది."

ఆమె పోయింది. బిక్షం పోయాడు. పాండు చాయ్ గ్లాసు చప్పుడు కాకుండా పెట్టి, ఆటో కొంత దూరం నెట్టుకుపోయాక స్టార్ట్ చేశాడు.

శ్రావణ్ బల్ల మీద కూలబడ్డాడు. రెండు అరచేతులూ మోకాళ్ల మీద పెట్టుకొని, వాటినే చూస్తున్నాడు. నిర్మల పొయ్యి మళ్లీ వెలిగించింది. పాలు పోసింది. చాయ్ గ్లాసు తెచ్చి అతని పక్కన పెట్టి, తానూ కూర్చుంది. అంతకుముందు ఆ బల్ల మీద ఆమె ఎప్పుడూ కూర్చోలేదు.

"అమ్మా," అన్నాడు శ్రావణ్. "ఇంకొక జాగల ఏసి చూస్తే దిగుతుండెనేమో."

ఆ రోజు అతను ఎన్ని జాగాలు మార్చాడో ఆమె చూసింది. ప్రతిచోటా ఆ చప్పుడు విన్నది.

"దిగుతుండె బిడ్డా," అంది నిర్మల. "మస్తు లోతుకు దిగుతుండె."