లింకు లేని మాట

పటాన్‌చెరు మార్కెట్ సందులో చిన్న కుట్టు దుకాణం. భార్య మిషన్ కుడుతోంది. భర్త ఫ్యాక్టరీ యూనిఫాం విప్పకుండానే వచ్చి, స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"జాకెట్లన్నీ గట్లనే యాలాడుతున్నయేంది? అందరికీ మెసేజ్ కొట్టిన గద. లింకు నొక్కితే ఎవరి జాకెట్ ఫోటో వాళ్లకు కనబడతది."

"ఎవరు నొక్కుతరు? గసొంటి చిన్న లింకు నొక్కితే ఖాతాల పైసలు పోతయని బ్యాంకోళ్లు చెప్తనే ఉన్నరు."

"పొడుగు లింకు పెడితే మెసేజ్‌ల పట్టదు."

"అసలు లింకే వద్దు. 'ఎల్సీ అక్కా, నీ జాకెట్ అయింది, చేతులు జెర వదులు చేసిన' అని రాయి. పొద్దుమూకేసరికి వస్తది."

"సరే. అందరికంటే ముందు నీకే పంపిన, ఎట్లుందో సూడమని. నువ్వన్న నొక్కినవా?"

"నొక్కలే. డిలీట్ కొట్టిన."

"నా నంబర్ నుంచే వచ్చింది గద."

"నంబర్ నీదే. మొదట్లనే 'ప్రియమైన' అని ఉన్నది. పెండ్లయిన కాడికెల్లి ఒక్కసారన్న నన్ను గట్ల పిలిచినవా? నీ ఫోన్ ఏ దొంగోని చేతుల పడ్డదో అనుకున్న."

భర్త స్టూలు మిషన్ దగ్గరికి జరుపుకున్నాడు.

"ఇప్పుడు పిలుస్త. నమ్ముతవా?"

"లింకు పెట్టకుంటే నమ్ముత."