కాలుతున్న వంతెన, ఎబెన్ తంతి

అమెరికా అంతర్యుద్ధం రెండో ఏడు. వర్జీనియాలో, నది గట్టున తంతి గుడారం. లోపల కెప్టెన్, తంతి గుమాస్తా. బయట వంతెన తగలబడుతోంది.

“కెప్టెన్‌గారూ, ‘మా పటాలం ఓడింది, వంతెన కాల్చెయ్యండి’ అన్న తంతి అవతలి గట్టు నుంచి మన పటాలం తంతి గుమాస్తా ఎబెన్ కొట్టింది కాదండీ.”

“కింద వాడి పేరుందిగదయ్యా!”

“పేరు ఎవడైనా కొడతాడండీ. ఎబెన్ ఆఖరి అక్షరం సాగదీస్తాడు. ఇది టక్కున తెగింది. శత్రువులెవరో మధ్యలో తీగ పట్టుకున్నారు.”

“ఇప్పుడా చెప్పేది?”

“పొద్దున్నే చెప్పానండీ. ‘నీ పని తంతి చదవడం, జాతకం చెప్పడం కాదు’ అన్నారు.”

“ఆగాగు, మళ్ళీ కొడుతోంది. ఎవడు?”

“ఈసారి ఎబెనేనండీ. ఆఖరి అక్షరం సాగుతోంది.”

“ఏమంటున్నాడు?”

“అందరూ క్షేమమట. గంటలో వంతెన దాటతారట. కాఫీ పెట్టి ఉంచమంటున్నాడు.”