పెట్టెలో లేని పరీక్ష

యోగానంద్ గారూ, ముందు ఒక సవరణ, ఆ తరవాతే నమస్కారాలు. వరస తప్పుతున్నానని నాకు తెలుసు. కానీ జన్మంతా ఆడపిల్లల కాలేజీలో లెక్కలు చెప్పినదాన్ని, బోర్డు మీద తప్పు లెక్క కనపడుతుంటే హాజరు పిలవలేను.

ఇందాక మీరు మా తమ్ముడి పుస్తకాల పెట్టెను వేదిక మీదికి తెప్పించి, దానికి దండ వేసి, పట్టు శాలువా కప్పి, "ఈ పెట్టె అడుగు పెట్టిన ఇంట్లో ఇంజనీరు లైసెన్సు పరీక్ష తప్పినవాళ్ళు లేరు" అన్నారు. సభంతా చప్పట్లు కొట్టింది. ఉన్నారండీ. మూడో వరసలో నెమలికంఠం రంగు చీర కట్టుకుని, మొగుడు నిశాంత్ భుజం వెనక దాక్కోవాలని చూస్తోందే, ఆ పిల్ల నా మనవరాలు ధరణి. పెట్టె మా ఇంట్లో ఏడాది పైన ఉంది. మొన్న మంచు కరిగే రోజుల్లో ధరణి ఆ పరీక్ష తప్పింది. "ఈ ఏడు బ్రేక్ తీసుకుంది" అని మా మరదలు బేబీ మీకు చెప్పి ఉంటుంది. బ్రేక్ ఏమీ లేదు, ఫెయిలయింది. (నవ్వులు) ఈ మాట సభలో అంటానని పిల్లని ముందే అడిగాను. "అను అమ్మమ్మా, కానీ మరీ ఏడిపించకు" అంది. ఎవర్ని ఏడిపించకూడదో మాత్రం చెప్పలేదు.

ఇప్పుడు నమస్కారాలు. సభకు పెద్దగా కూర్చున్న యోగానంద్ గారికి, మార్కమ్‌లోని తెలుగు పెద్దలకు, వాన్ ఊరి నుంచి ఈ మబ్బులో, ఈ ట్రాఫిక్‌లో డ్రైవ్ చేసుకుంటూ వచ్చిన మిత్రులకు, వెనక బల్లల దగ్గర మూతలు ఎత్తి బిర్యానీ వాసన చూస్తున్న పిల్లకాయలకు, ఈవేళ పదవీ విరమణ సన్మానం అందుకుంటున్న మా తమ్ముడు సీతారామారావుకు. గారు అనాలట, కార్యక్రమం కాగితంలో అలాగే అచ్చు వేశారు. చిన్నప్పుడు వాడికి పూలజడ వేసి ఫొటో తీయించినదాన్ని నేనే, నాకు గారు నోట రాదు. (నవ్వులు)

వాడి వంతెనల గురించి, వాడి ఓర్పు గురించి, ఆఫీసులో ఎవరిమీదా గొంతు లేపలేదన్న సంగతి గురించి నా ముందు మాట్లాడినవాళ్ళు చెప్పేశారు. గొంతు లేపే పని ఇంట్లో నాకు వదిలేశాడు కనుక వాడికి ఆ అవసరం రాలేదు. ఇక నాకు మిగిలింది ఈ పెట్టె ఒక్కటే. దాని గురించే చెప్తాను.

కొత్తగా వచ్చినవాళ్ళకి దాని పుట్టుక తెలియదు. మా వాడు ఈ కెనడా దేశం వచ్చి, ఒంటారియో లైసెన్సు సంపాదించుకుని కాస్త ఊపిరి పీల్చుకునేసరికి వాళ్ళ ఆఫీసుకి సరిహద్దు అవతల అమెరికాలో పనులు వచ్చాయి. అక్కడ కట్టేవాటికి అక్కడి లైసెన్సు ఉన్నవాళ్ళే సంతకం చేసి ముద్ర వెయ్యాలి. అందుకు పి.ఇ. అని ఒక పరీక్ష. సివిల్ ఇంజనీర్లకి అందులో శాఖలున్నాయి: స్ట్రక్చరల్, అంటే దూలాలూ స్తంభాలూ, ఇంకా నేల, రోడ్లు, నీళ్ళు, సైటు మీద కట్టించే పనులు. ఏదో ఒకటి ఎంచుకుని రాయాలి. మా వాడిది వంతెనల పని కనుక స్ట్రక్చరల్ రాశాడు. న్యాయమే. ఆ రోజుల్లో పుస్తకాలు చూస్తూ రాయనిచ్చేవారు. అందుకని చక్రాల సూట్‌కేసు నిండా పుస్తకాలు కుక్కుకుని బఫలో బయల్దేరాడు. సరిహద్దు దగ్గర ఆఫీసరు పెట్టె తెరిపించి, "బట్టలేవీ?" అన్నాడట. "ఒక్క రోజుకేనండీ" అన్నాడు మావాడు. "ఒక్క రోజుకి ఇంత బరువా?" అన్నాడట ఆయన. (నవ్వులు) పరీక్ష హాలు బయట మంచులో ఒక చక్రం ఊడిపోయింది. ఒంటి చక్రం మీద ఈడ్చుకుంటూ లోపలికి వెళ్ళి, నెగ్గి వచ్చాడు.

నెగ్గినవాడు ఆ పుస్తకాలు బేస్‌మెంట్‌లో పడేసుకోలేదు. తరవాత రాయబోయే ఒక కుర్రాడికి ఇచ్చాడు. ముక్కూ మొహం తెలియని కుర్రాడు, కాఫీ షాపులో పరిచయం. అది వాడి మంచితనం. ఒప్పుకుంటున్నాను. యోగానంద్ గారూ, రాసుకోండి, మళ్ళీ చెప్పను.

ఆ తరవాత వాడికి తెలియకుండానే అది పెట్టె కావడం మానేసి అమ్మవారయి కూర్చుంది. ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి పంపాలంటే మంచిరోజు చూడాలి. మూత మీద పసుపు, కుంకుమ. వెంట పూర్ణం బూరెలు. మా ఇంటికి చక్రధర్ తెచ్చాడు, అదిగో, రెండో బల్ల దగ్గర తల దించుకుని సెల్‌ఫోన్ చూస్తున్నవాడే. తను రాసి నెగ్గి ఎన్నాళ్ళో అయినా అంతవరకూ ఇంట్లో ఉంచుకున్నాడు, కలిసొచ్చిందని. చూడు నాయనా చక్రధర్, నువ్వంటే నాకు ఇష్టమే. నీ ఉద్యోగం రోడ్ల మీద. పరీక్ష మాత్రం స్ట్రక్చరల్‌లో రాశావు. నెగ్గాక మళ్ళీ ఒక్క దూలం మొహమైనా చూశావా? (నవ్వులు) మరి ఎందుకు రాశావయ్యా అంటే, పెట్టెలో ఉన్నది అదే కనుక!

ధరణి సంగతీ అంతే. ఆ పిల్ల పని వాన నీళ్ళు. వీధిలో పడ్డ వాన ఎటు పోవాలి, ఎంత లావు గొట్టంలో పోవాలి, జనం బేస్‌మెంట్లలోకి రాకుండా ఎక్కడ పట్టి ఆపాలి, ఇదే రోజంతా. గుడికి తీసుకెళ్తే ప్రదక్షిణం మధ్యలో ఆగి పార్కింగ్ లాట్ వాలు చూస్తుంది. పోయిన వేసవిలో పెద్ద వాన పడి మా వీధి మోకాలి లోతు మునిగితే, అందరం కిటికీలు మూసుకుంటుంటే ఇది రబ్బరు బూట్లు వేసుకుని బయటికి పరిగెత్తింది. పండక్కి చుట్టాలొచ్చినట్టు వెలిగిపోయింది దాని మొహం. అటువంటి పిల్ల ఏడాదిపాటు సాయంత్రాలన్నీ ఉక్కు దూలాల ముందు కూర్చుంది.

ఇంకో ముక్క వినండి, ఇది వింటే మీకైనా సిగ్గేస్తుందో లేదో నాకు తెలియదు, నాకు మాత్రం ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. ఆ పరీక్ష ఇప్పుడు కంప్యూటర్ మీద. చూసుకోవాల్సిన సూత్రాలన్నీ తెర మీద వాళ్ళే ఇస్తారు. మన పుస్తకం ఒక్కటి కూడా లోపలికి రానివ్వరు. జేబులు తిరగేసి చూపించమంటారు. అయినా పరీక్ష రోజున మా మరదలు, "పెట్టె లేకుండా ఎలా వెళ్తుందీ, సెంటిమెంటు" అని దాన్ని కారు డిక్కీలో ఎక్కించింది. పెట్టె పార్కింగ్ లాట్‌లో కూర్చుంది, పిల్ల లోపల ఒంటరిగా కూర్చుంది. బేబీ, నువ్వు సైగ చెయ్యక్కర్లేదు. బిర్యానీ చల్లారితే వేడి చేసుకుందాం.

ఫలితం వచ్చిన రోజు వంటింటి బల్ల దగ్గర కూర్చున్నాం. తప్పినవాళ్ళకి ఏ భాగం ఎంత వచ్చిందో గీతలు గీసి చూపిస్తారు. ఉక్కు దగ్గర గీత కుంటింది, కాంక్రీటు దగ్గర చతికిలబడింది.

"ఆఫీసులో నువ్వు ఉక్కు ముట్టుకుంటావుటే?" అన్నాను.

"లేదమ్మమ్మా."

"కాంక్రీటు దూలం?"

"ఇంజనీరింగ్ కాలేజీ తరవాత ముట్టుకోలేదు."

"మరి నీళ్ళ పరీక్ష అని ఒకటి ఉందిగా, అది ఎందుకు రాయలేదు?"

"అది రాస్తే తాతయ్య పెట్టె వద్దన్నట్టు ఉంటుందిగా" అంది.

అప్పటినుంచి మా ఇంటికి సలహాల ఊరేగింపు. ఒకాయన, "మళ్ళీ స్ట్రక్చరలే రాయాలి, పడ్డచోటే లేవాలి" అంటాడు. ఆయనేమో ఐ.టి. (నవ్వులు) చక్రధర్, "కన్‌స్ట్రక్షన్ తీసుకో, అది ఈజీ" అంటాడు. ఎవరికి ఈజీ నాయనా? సైటు మీద ఒక్క రోజు నిలబడని పిల్లకా? ఇంకో ఆవిడ, "ఈ పరీక్షలెందుకు, డేటా సైన్స్ నేర్చుకో" అంటుంది. ఇంతమంది టీలు తాగారు కదా, ఒక్కరంటే ఒక్కరు, "అమ్మాయీ, నువ్వు పొద్దున ఎనిమిదింటికి ఆఫీసుకెళ్ళి ఏం చేస్తావు?" అని అడిగారా? అడగరు. తాతలు నేతులు తాగారు, మా మూతులు వాసన చూడండి అన్న సామెత మనదే కదా. ఇక్కడ తాత తాగిన నెయ్యి మనవరాలి మూతికి పూసి మరీ వాసన చూస్తున్నారు.

పెట్టె ఎవర్నీ తప్పనివ్వలేదన్న మాటకి వస్తాను, ఇది నా సబ్జెక్టు కనుక. నెగ్గినవాళ్ళు పెట్టెను ఎలా తిరిగిస్తారు? బూరెలతో, ఫొటోలతో. తప్పినవాళ్ళు ఎలా తిరిగిస్తారు? వరండాలో పెట్టి, బెల్ కొట్టకుండా వెళ్ళిపోతారు. ఒక అబ్బాయి అలాగే పెట్టేసి దేశం అవతలి కొసన సర్రీ ఊరికి వెళ్ళిపోయాడు, మళ్ళీ ఇటు ఫోన్ కూడా చెయ్యలేదు. పెద్ద తెలివైనవాడు, రోడ్ల మనిషి. అతనికి మనం వీడ్కోలు సభ పెట్టలేదు. నెగ్గినవాళ్ళని మాత్రమే లెక్కపెడుతూ నూటికి నూరు అంటే, అటువంటి లెక్కకి మా కాలేజీలో సున్నా వేసేదాన్ని.

ఏం పోయిందండీ, మళ్ళీ రాస్తుంది అంటారేమో. పోయేది చెప్తాను. సరిహద్దు అవతల ఊళ్ళలో ధరణి గీసిన కాలవలకి ముద్ర వేసే పెద్దమనిషి వేరే ఉన్నాడు. ఆయన వచ్చి, "ఈ గొట్టం ఇంత లావెందుకమ్మా?" అని దీన్నే అడిగి, ఇది చెప్పింది విని, తన ముద్ర వేసుకుని వెళ్తాడు. ఆ జట్టుకి వచ్చే ఏడు కొత్తగా పెద్దని పెడతారట. లైసెన్సు ఉంటే ధరణి, లేకపోతే ఇంకొకరు. సోమవారం లోపల పరీక్షకి సీటు బుక్ చెయ్యాలి. ఇవాళ కార్యక్రమంలో చివరి అంశం ఏమిటో చూశారా? "ధరణికి తిరిగి పెట్టె ప్రదానం." అది తీసుకుంటే ఈ పిల్ల మళ్ళీ ఉక్కు ముందే కూర్చుంటుంది. అందుకే భోజనాల ముందు మైకు అడిగాను.

ధరణీ, లేవక్కర్లేదు, అక్కడినుంచే చెప్పు. నేనేదో నేర్పించి తెచ్చానని ఎవరూ అనుకోకూడదు, నీకు ఏది రాయాలని ఉంది? (ధరణి ఏదో అంది.) గట్టిగా. మైకు నా దగ్గరున్నా నోరు నీ దగ్గరే ఉందిగా.

(ధరణి: "వాటర్, అమ్మమ్మా. నేను వాటరే రాస్తాను.")

విన్నారుగా.

(చక్రధర్: "వాటర్‌కి మన దగ్గర మెటీరియల్ లేదు బామ్మగారూ!")

కొనుక్కుంటుందయ్యా! పుస్తకాలు అమ్మే దుకాణాలు ఈ దేశంలో ఇంకా మూసెయ్యలేదు. పైగా రోజూ దాని బల్ల మీద పరుచుకుని ఉన్నది అదే. నీకు తెలియకపోతే లేనట్టేనా?

ఒరేయ్ సీతారాం, కళ్ళజోడు తుడవడం ఆపి ఇటు చూడు. నీ మీద కోపం లేదనను, ఉంది. ఊరంతా నీ పెట్టె మోస్తూ అరిగిపోతుంటే నువ్వు నవ్వుతూ కూర్చున్నావు.

(సీతారామారావు: "అక్కా, అది ఒక్క మాట నాతో అని ఉంటే నేనే వాటర్ రాయమనేవాణ్ణి కదా!")

ఎలా అంటుందిరా? దండ వేసిన దానితో ఎవరైనా వాదిస్తారా? నువ్వైనా ఒక్క మాట అడిగావా?

(సీతారామారావు: "అడగలేదు.")

సరే. ఆ మాట ఇంతమందిలో అన్నావు, నాకది చాలు. ఇంకొక్కటి చెప్పి దిగిపోతాను. పరీక్ష తప్పాక ఆ పుస్తకాలు నేను తిరగేశాను, తప్పు ఎక్కడుందో చూద్దామని. వంపు బలాల లెక్కల పక్కన, పేజీ అంచున, పెన్సిలుతో నీ చేతిరాత, "అక్కకి ఫోన్ చెయ్యాలి" అని. చేశావో లేదో నాకు గుర్తులేదు, చేసి ఉండవు. (నవ్వులు) అవి నీ పుస్తకాలు నాన్నా. నీ మంచు, నీ చలి, నీ ఒంటి చక్రం అందులో ఉన్నాయి. ఇంకొకరి నెత్తి మీద పెట్టాల్సినవి కావు. ఇప్పుడు తీరిక వచ్చింది కనుక ఇంటికి తీసుకెళ్ళి తీరిగ్గా చదువుకో. రేపటినుంచి ఫోన్ చెయ్యకపోవడానికి వంక కూడా ఉండదు.

పెట్టె కోసం ఎదురుచూస్తున్న పిల్లలు ఎవరైనా ఈ హాల్లో ఉంటే, మా తమ్ముడి దగ్గరికి వెళ్ళండి. ముందు మీరు చేసే పనేమిటో ఆయనకి చెప్పండి. ఏ పరీక్ష రాయాలో ఆ తరవాత మాట్లాడుకోండి. ఆయన వింటాడు. వినకపోతే నాకు చెప్పండి.

నా సవరణను ఓర్చుకున్న యోగానంద్ గారికి, ఆకలి ఓర్చుకున్న మీ అందరికీ కృతజ్ఞతలు. చివరి అంశం కొట్టేశాం కనుక ఇక భోజనాలే. నాకు సెలవు ఇప్పించండి.

నిశాంత్, నువ్వొకసారి ఇలా రా నాయనా. పెట్టె మీది శాలువా తీసి మీ తాతయ్యకి కప్పు, ఇక్కడ ఏసీ చలిగా ఉంది. దండ వేదిక మీదే వదిలెయ్. పెట్టె తీసుకెళ్ళి ఆయన కారు డిక్కీలో పెట్టు, ఈడవకుండా ఎత్తి పట్టుకో, ఎడమ చక్రం లేదు. ముందు అరలో ధరణి గొడుగు ఉండిపోయింది, అది తీసి దానికి ఇయ్యి. బయట వాన మొదలైంది. అది భోజనం మధ్యలో లేచి పార్కింగ్ లాట్ చూడ్డానికి వెళ్తుంది.