పద్నాలుగు వారాల ఏడుపు

ఇంకా నవ్వుతున్నవా ఫోటోల? నవ్వు, నవ్వు. నీకేంది! దండ ఏసుకొని గోడకెక్కి కూసున్నవు. ఈడ నీ బిడ్డ, దాని పాట కలిసి నా పానం తీస్తుండ్రు.

పద్నాలుగు వారాలాయె! పద్నాలుగు వారాల సంది నంబర్ వన్నట. ఫోన్ల ఏదో లిస్టు ఉంటదట గదా, దాంట్ల అందరికన్న పైన మన అలేఖ్యనే ఉన్నదట. ఊరంత ఒకటే ముచ్చట. పాల కేంద్రం కాడ గూడ "యాదవ్వా, నీ బిడ్డ ఇయ్యాల గూడ కిందికి దిగలేదా?" అని అడుగుతరు. దిగుతందుకు అదేమన్న బస్సెక్కిందా!

ఆల్బం పేరేందో ఎరుకేనా? ఊదారంగు సాయంత్రం. ఊదారంగు! చొప్పదండిల పుట్టి పెరిగిన పిల్ల. మన దిక్కు సాయంత్రం ఎప్పుడన్న ఊదాగ ఉంటదా? వరికోతల దుమ్ము రంగుంటది.

ఎనిమిది పాటలు. ఒక్కదాంట్లనన్న గొంతెత్తితె ఒట్టు! జరమొచ్చినోళ్ళు మంచంల పండుకొని నీళ్ళడిగినట్టు పాడుతది. "గట్టిగ పాడితె మైకు కరుస్తదా బిడ్డా?" అన్న. "ఇది సాఫ్ట్ పాప్ అవ్వా, ఇట్లనే పాడాలె" అన్నది. నాట్లేసేటప్పుడు మేం గట్ల పాడితె పక్క మడిల ఉన్నోళ్ళకన్న ఇనవడునా?

సరే, ఏడు పాటలు ఎట్లన్న పోనీ. నాలుగో పాట ఉన్నది చూడు, గా పాటతోనే ఆల్బం లేచింది. దాని రాగం నాది.

ఔ, నాదే. నీ పెట్టె మస్కట్ నుంచి వచ్చిన రోజు, దాని మీద పడి నేను ఏడ్సిన రాగం. అప్పుడు పిల్లకు పదమూడేండ్లు. నా చెంగు పట్టుకొని పక్కన్నే కూసున్నది. నేను నేర్పింది లేదు, చెప్పింది లేదు. పీనుగు మీద ఏడ్సిన రాగానికి గిటారు వెట్టి ప్రేమ పాట చేసింది!

పెండ్లిళ్ళల్ల పెడుతుండ్రయ్యా దాన్ని! మొన్న హుస్నాబాద్‌ల మీ చిన్నాయన కొడుకు సిద్దిరాములు బిడ్డ పెండ్లాయె. పిల్లా పిలగాడు పూలదండలు మార్చుకుంటుంటె అదే పాట. సావు రాగంల ఎవలన్న దండలు మార్చుకుంటరా? పంతులు గూడ తలకాయ ఊపుతుండు. నేను అన్నం తినకుంటనే లేచొచ్చిన.

టీవీల కూసొని ఏం చెప్పిందో ఎరుకేనా? "మా అవ్వ మా బాపును ఎంత ప్రేమించిందో గా రాగంల ఉన్నది" అన్నది. యాంకర్ పిల్ల కండ్లు తుడుసుకున్నది. నేను టీవీ బంద్ చేసిన.

ఇగ అసలు ముచ్చట. ఆదివారం కరీంనగర్‌ల పెద్ద ఫంక్షనట. నన్ను స్టేజీ ఎక్కిస్తరట. నేను గా రాగం ఏడ్సి సూపియ్యాలె, ఎన్కనే పిల్ల పాట అందుకుంటది. ఏడుపు గూడ ప్రోగ్రామే! ఫంక్షన్ నడిపేటాయన అరుణ్‌కుమార్ ఫోన్ చేసి "అమ్మా, ఒక్క రెండు నిమిషాలు, సహజంగా ఏడవండి చాలు" అంటుండు. సహజంగ!

నేను రాను అన్న. పిల్ల అలిగింది. "నీకు బాపు మీద ప్రేమ లేదా అవ్వా?" అన్నది. పొద్దుగాల్నుంచి అన్నం ముట్టలే, అర్రల తలుపేసుకొని కూసున్నది.

దానికి ఏం చెప్పాలె, నువ్వే చెప్పు. పంతొమ్మిదేండ్ల కాపురంల నువ్వు ఇంట్ల ఉన్నది ఎన్ని దినాలు? రెండేండ్లకొకపారి నెల దినాలు వస్తివి. సెంటు సీసాలు తెస్తివి, కంబళ్ళు తెస్తివి. నా తోని కూసొని మాట్లాడింది ఉన్నదా? నువ్వు ఎత్తుకుంటె పిల్ల కొత్తోడని ఏడ్సేది.

గా రోజు పెట్టె మూత తీసిండ్రు. ఎవలో ముసలాయన పండుకున్నట్టే అనిపించింది నాకు. చుట్టు నలభై మంది ఆడోళ్ళు, అందరు నన్నే చూస్తుండ్రు. పెండ్లాం ఏడువకపోతె ఊరు ఊకుంటదా? పక్కింటి సక్కుబాయి నా మెడ మీద చేతులేసి, ఇగ అందుకో అన్నట్టు ఒత్తుతున్నది. నీ గురించి చెప్పుకొని ఏడుద్దామంటె ఒక్క ముచ్చట యాదికి రాలే. ఒక్కటి గూడ!

మీ బాపు పోయిన్నాడు మీ అవ్వ ఏడ్సిన రాగం నోట్లెకొచ్చింది. రాగం ఆమెదే, మాటలు ఆమెయే. పేరొక్కటి మార్చి కొమురెల్లి అని నీ పేరు వెట్టిన. నీకేం తెలుస్తది, గా సావుకు నువ్వు రాలే. సెలవు దొరకలే గదా.

నా కంట్ల సుక్క నీళ్ళు లేవయ్యా. చెంగు అడ్డం పెట్టుకున్న. "యాదవ్వ ఎంత మంచిగ ఏడ్సింది" అన్నరు ఊరోళ్ళు. పిల్ల నమ్మింది. గిప్పుడు పాట ఇన్నోళ్ళంత నమ్ముతుండ్రు.

ఇయ్యాల పిల్లకు చెప్పేస్త అనుకొని తలుపు కాడిదాక పోయిన. లోపట ఒక్కతే పాడుకుంటున్నది, గదే పాట, మెల్లగ. నువ్వు దానికి ఇచ్చిపోయింది ఏమున్నది? పెండ్లాం పానం పెట్టుకున్న మనిషి నా బాపు అని అనుకుంటున్నది, గదొక్కటే. గా బాపును గూడ పెట్టెల వెట్టి మేకులు కొట్టాల్నా నేను?

"వస్త బిడ్డా, ఆదివారం ఏడుస్త, లేచి అన్నం తిను" అన్న. ఏం, ఒకపారి ఏడ్సినదాన్నే గదా.