చేపల్ని చూసి అన్న మాట

అద్దకం షెడ్డులో, వాడేసిన రంగునీళ్ల తూము దగ్గర బావాబావమరుదులు వాదులాడుకుంటున్నారు.

"తూము లాగుతున్నా బావా, వాగులోకి పోతాయి."

"లాగకు. వాగులో చేపలు చస్తాయి."

"ఈ లోకం ఎలాగూ పోయేదే. మనం పరలోకానికి పోయేవాళ్లం!"

"నీకెవడు రాసిచ్చాడ్రా? మట్టీ నీరూ పాడువి, ఆత్మే గొప్పదన్నవాళ్లతో తొలినాటి క్రైస్తవ సంఘపెద్దలు పోట్లాడారట. దేవుడు చేసింది పాడెలా అవుతుందని నిలదీశారట. ఎంత గుండెరా వాళ్లది!"

"ఎవరు చెప్పారు?"

"మీ అక్క చదివి వినిపించింది. నాకు చదువెక్కడేడిసింది? లోకాన్ని చేసేటప్పుడు చేపల్ని చూసి దేవుడు మంచిదన్నాడటరా, బైబిల్లో ఉంది. అప్పటికి మనిషింకా పుట్టనేలేదు."

"అంటే మెప్పు ముందు వాటికేనా!"

"మనల్ని తర్వాత చేశాడు, కాపలాకి. కంచే చేను మేస్తే ఎలా?"

బావమరిది తూము మీంచి చెయ్యి తీశాడు.

"మరి ఈ నీళ్లు ఖాళీ కాకపోతే రేపటి అద్దకం?"

"ఆగనీ."

"అయితే ఆ బకెట్టిటివ్వు బావా, ఈ నీళ్లు ఆ మూల ఖాళీ తొట్టిలోకి తోడదాం."