ఒక్క లైన్

అమీర్‌పేట మెట్రో కింద చాయ్ బండి. కోచింగ్ సెంటర్లో జావా చెప్పినాయన, ఆయన దగ్గర నేర్చుకున్నోడు. ఇప్పుడు ఇద్దరూ ఒకే కంపెనీ కూలీలు.

“పడిపోయిన యాప్ మళ్ల లేచింది సార్. కోడ్‌ల లాగ్‌లు రాసే లైబ్రరీలు రెండుండె. ఒకదానితోటి ఒకటి కొట్లాడినయ్. ఒకటి తీసేసిన.”

“ఆ రెండోది పెట్టిందెవరు?”

“నేనే సార్. ఒక్క లైన్ కోడ్.”

“పొద్దున మీటింగ్‌లో తప్పు నాదేనని నన్ను తిడుతున్నప్పుడు నీకు తెలుసా?”

“తెలుసు సార్. నోరు రాలే.”

“క్లాసులో తప్పు చేస్తే ముందు నువ్వే లేచేవాడివి కదరా!”

“అప్పుడు ఈఎంఐలు లేకుండె సార్.”

“చాయ్ తాగు. చల్లారిపోతోంది.”

“సోమవారం అందరి ముంగట చెప్త సార్. ఒట్టు.”

“చెప్పు. వినడానికి నేనుండను. ఐడీ కార్డు ఇప్పుడే ఇచ్చేసి వచ్చాను.”