బోరు కింద కడిగిన బాసు

కామారెడ్డిల కలీము నడిపే వాద్యాల దుకాణం. ఎల్లారెడ్డి బస్సు దిగి వచ్చిన మైసన్న, ఆయన మనుమరాలు సాయిశ్రీ గల్లా ముందట కూసున్నరు.

“గది కాదు కలీమూ, ఆ పక్కది. నల్లగ నిగనిగలాడుతున్నది సూడు, గది దించు. నా మనుమరాలి ఒళ్ళో పెట్టు.”

“దించుత బాపూ. గని సాయిశ్రీ, ముందుగాల ఒక్క మాట. నీది నాలుగు తీగెల బాస్ గిటారుండె. గది ఖరాబైతే మళ్ళ నాలుగు తీగెలదే తీస్కోరాదు? సస్తాల, తక్కువ పైసలకే వస్తది. ఆరు తీగెలదంటే…”

“ఎట్లాగు కొంటున్నం కదా కలీమన్నా.”

“ఎట్లాగు కొంటున్నం కదా! విన్నవా? దాన్ని అనకు కలీమూ. దాని తప్పేం లేదు, తప్పంత నాదే. దసరానాడు…”

“తాతా, గిప్పుడు గదెందుకు?”

“చెప్పనియ్యవే. కలీమూ, దసరానాడు అరక గడిగిన, కొడవండ్లు గడిగిన, ట్రాక్టరు గడిగిన. పని జేసే సామాను కదా, దానికి గూడ పండుగే కదా అని దీని గిటారును బోరు పైపు కింద పెట్టి, సర్ఫేసి తోమిన. పసుపు రాసి, బొట్లు పెట్టి, కొబ్బరికాయ గొట్టిన. ఇది ఇంటికి వచ్చేసరికి దండె మీద బట్టల పక్కన యాలాడుతున్నది.”

“యా అల్లా! కరెంటు సామానును కడిగినవా?”

“నాకేమెరుక? గా నీళ్ళు తాగిన మా బర్రె ఇప్పటికి మామూలుగ అరుస్తలేదు. దూడను పిలిచినా గిటారు లెక్క బొంగురు బాసులనే పిలుస్తది. పాలు పిండబోతే బకెటంత ధుంధుమంటది.”

“తాతా!”

“అగో, నవ్వింది. దసరా సంది నా ముందట నవ్వలె కలీమూ. మొకం తప్పిస్తున్నది. కడుపుల కోపమున్నది దానికి.”

“కోపమేం లేదు.”

“మరి కండ్లల్ల కండ్లు పెట్టి ఎందుకు సూస్తలేవే?”

“…కలీమన్నా, ఆ నల్లది ఇయ్యి.”

“ఇగో, పట్టుకో. భద్రం, బరువుంటది. మెడ సూడు ఎంత వెడల్పో. నీ పాతదానికన్న మీద ఒక బొంగురు తీగె ఎక్కువ, కింద ఒక సన్న తీగె ఎక్కువ. వేళ్ళు ఆ కొస దాక అందుతున్నయా?”

“అందుతున్నయి. కొంచెం సాగదియ్యాలె.”

“ఆరు తీగెలే కావాల్నని ఎవరు చెప్పిండ్రు నీకు?”

“చర్చి బ్యాండుల శైలేందర్ అని ఉన్నడు. ప్రాక్టీసుల నన్ను చూసి నవ్విండు. నాలుగు తీగెలతోని ఏం వాయిస్తవన్నడు.”

“నవ్విండా వాడు? నా నోట్ల ఉన్నయే నాలుగు పండ్లు. గట్లని బుక్కెడన్నం తినకుంట ఉన్ననా? అయినా సరే, మనకు ఆరే కావాలె. కలీమూ, ఇంకేమున్నయి?”

“నల్లది అన్నింట్ల సస్తా. గని మెడ జర వంగిన మాల్, మాటిమాటికి సరి చేయించాలె. గీ ఎర్రది హైదరాబాద్ బ్యాండోళ్ళు వాడి అమ్మింది. పైన గీతలు పడ్డయి గని చెక్క మంచిది, మోత మంచిది. ఆ మూలకున్నది కొత్తది. అన్నింట్ల బెస్టు. అయితే ధర…”

“మూలకున్నది దించు.”

“వద్దు తాతా! గంత ధరది వద్దు. నల్లదే చాలు నాకు.”

“మెడ వంగిన ఎద్దును సంతల ఉట్టిగిచ్చినా తోలుకపోరు. నీకెందుకే గది?”

“చాలన్న కదా. తక్కువది ఇయ్యి కలీమన్నా, లేకుంటే వెళ్ళిపోదాం.”

“నాకర్థమైతలేదు బేటీ. ఆరు తీగెలదే కావాలంటవు, మళ్ళ తక్కువలనే కావాలంటవు. ఆ పాతదన్న పట్కరా, విప్పి సూస్త. నీళ్ళు పడ్డంత మాత్రాన గిటార్లు సావవు. ఆరినంక చానా మటుకు మోగుతయి.”

“పట్కరాను… అంటే, మోగదు. చెక్క ఉబ్బింది.”

“వైర్లు కాలినయంటివి గదనే?”

“వైర్లు గూడ కాలినయి. చెక్క గూడ ఉబ్బింది. రెండూ.”

“సూసినవా కలీమూ, నేను జేసిన పాపం రోజుకింత పెరుగుతనే ఉన్నది.”

“తాతా, గట్లనకు.”

“ఏడున్నది బేటీ ఆ పాతది?”

“కృపాజ్యోతి ఇంట్ల. నా దోస్తు.”

“మోగనిదాన్ని దోస్తింట్ల పెట్టుడెందుకు?”

“ఇంట్ల ఉంటే… తాత చూసి బాధపడ్తడని.”

“విన్నవా? విన్నవా కలీమూ? నేను బాధపడ్తనని! గింత బంగారమసొంటి పిల్ల సామానును నీళ్ళు తాగించి సంపిన. మా అన్న డోలు గొడితే నిజాంసాగర్ల చేపలు కట్టెక్కి వచ్చేటియి. వలలెందుకని జాలరోళ్ళు సంచులు పట్టుకొని నిలబడేటోళ్ళు. గసొంటి ఇంట్ల పుట్టి నేను జేసిన పని గిది. క్రిస్మస్‌నాడు చర్చిల కృపాజ్యోతి పాడుతుంటే ఇది పక్కన ఒట్టి చేతులతోని నిలబడాల్నా?”

“పైసలెక్కడియి తాతా? నిజం చెప్పు.”

“మక్కలమ్మిన.”

“మక్కలు వాన్ల తడిసి మొలకలొచ్చినయి కదా.”

“ఆ మొలకలే అమ్మిన. డాక్టర్లు మొలకలు తినుమంటున్నరట, కామారెడ్డోళ్ళు ఎగబడి కొన్నరు.”

“తాతా, నిజం.”

“నిజమంటే గిదే. కలీమూ, మూలది దించినవా? ఇగ దీనికి నీళ్ళు దగ్గరికి రానియ్య. బొట్టు గూడ పెట్ట. దూరంకెల్లి దండం పెడుత.”

“బొట్టుకేం కాదు బాపూ, పక్కకు పెడితే సరి. ఇగో బేటీ, సౌండు డబ్బకు వైరు పెట్టిన. మీటు. మీటి సూడు… ఏమైంది?”

“నువ్వే మీటు కలీమన్నా.”

“సంబురం కలీమూ. సంబురానికి మీటుతలేదు.”

“ఒక్క నిమిషం, ఫోనొస్తున్నది. హలో… హా, బోలో భావు… ఏంది, అంటుకుంటున్నదా? ఆగుండ్రి, అడిగి చెప్త, పెద్దాయన ఈడనే ఉన్నడు. బాపూ, మద్నూర్ భజన మండలోళ్ళు. నీ హార్మోనియం పెట్టెల మెట్టు…”

“ష్! కలీమూ!”

“అరె… మాఫ్ చెయ్యి బాపూ, మర్చిపోయిన.”

“ఏ పెట్టె? తాతా, ఏ పెట్టె?”

“ఏదో పెట్టె. మద్నూరోళ్ళకు పెట్టెలు తక్కువనా?”

“కలీమన్నా, మా ఇంట్ల హార్మోనియమా?”

“చెప్పనని కసం తిన్న బేటీ. నన్నడగకు.”

“నీ మంచం పక్కన కనిపిస్తలేదంటే భజనకు ఇచ్చిననంటివి తాతా!”

“భజనకే ఇచ్చిన. అబద్ధమేడ ఆడిన? వాపస్ రాదని చెప్పలె, గంతే. కలీమూ, ఎట్లాగు బయటవడ్డది, వాళ్ళకు చెప్పు. నడిమి మెట్టు చలికి అంటుకుంటది. గోటితోని గుంజద్దను. బొటనవేలితోని కిందికెల్లి మెల్లగ లేపి, నోటి ఆవిరి పట్టమను. తిత్తి మూలల తోలుకు నూనె రాయద్దను, ఎలుకలు కొరుకుతయి. ఇంక… ఇంక పొద్దుగాల ఒకసారి, పాట లేకున్నా సరే, ఉట్టిగనే గాలి కొట్టమను. అలవాటు దానికి.”

“అలవాటు నీకు తాతా. పొద్దుగాల లేస్తే చాయకంటే ముందు నీకు గదే కదా.”

“ఇగ చాయే ముందుగాల తాగుత. ఏడుస్తవేందే? నీ సామాను నేను పాడుజేసిన, నా సామాను నేనిచ్చిన. సరిపాయె. ఇగనన్న నా మొకం సూడు బిడ్డా.”

“భావూ, విన్నరు కదా? నోటి ఆవిరి పట్టాలెనట. సరే మరి, పెడుత…”

“పెట్టకు! కలీమన్నా, ఫోన్ పెట్టకు!”

“ఏమైంది బేటీ?”

“ఆ పెట్టెను వాపస్ తీసుకుంటమని చెప్పు. ఎవరు ముట్టద్దని చెప్పు. ఇయ్యాల్నే మద్నూర్ బస్సెక్కి నేనే వస్తున్ననని చెప్పు.”

“పిచ్చిదానా, మరి నీకు గిటారు?”

“గిటారు కృపాజ్యోతి మంచం కింద ఉన్నది తాతా. నువ్వు కడిగి ఆరేసిన తెల్లారే మోగింది. ఎప్పటికన్న మంచిగ మోగింది.”